నీళ్లను కాపాడేది రైతు, మరి ఖర్చు ఎవరిది?

(సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

నీళ్ల గురించి మాట్లాడని సభ మన సంఘంలో ఇప్పటిదాకా జరగలేదు. కాలువకు నీళ్లు రాలేదని, బోరు ఎండిందని, చెరువుకు గండి పడిందని ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఎన్ని నీళ్లు వచ్చాయన్నదే మన గొడవ. ఎలాంటి నీళ్లు వచ్చాయన్నది అంతగా పట్టించుకోలేదు. ఈ రోజు నాకు అప్పగించిన అంశం అదే. మన ఊరి నీళ్లు చెడకుండా చూడడానికి రైతు చేయగలిగిన పని ఏమిటి, ఆ పనికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్నది.

ఈ మాట ఎత్తగానే కొందరికి కోపం వస్తుంది. ఫ్యాక్టరీలను వదిలేసి రైతు మీద పడ్డారేమిటి అంటారు. న్యాయమైన కోపమే. పటాన్‌చెరు వైపు నక్కవాగు, ఇసుకవాగు నీళ్లు ఏమయ్యాయో మనకు తెలుసు. పరిశ్రమలు వదిలిన మురికి వల్ల చెరువులు, బావులు, పొలాలు పాడైపోతే 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఏళ్ల తరబడి నడిచింది. నీళ్లు చెడగొట్టినవాడే నష్టం కట్టాలన్న సూత్రం మీద రైతులకు పరిహారం ఇమ్మన్నారు. ఆ పోరాటం తప్పు కాదు, ఇంకా అయిపోలేదు. ఊళ్లలో మురుగు, మరుగుదొడ్ల గుంతలు కూడా నీళ్లను చెడగొడుతున్నాయి. అవన్నీ ఒప్పుకున్నాక, మన పొలం నుంచి పోయేది కూడా కొంత ఉంది. అది మనమే ముందుగా చెప్పుకుంటే మంచిది. ఇంకొకరు వచ్చి చెబితే కేసుగా చెబుతారు, జరిమానాగా చెబుతారు.

నీళ్లలోకి పోతున్నది ఏమిటి?

ఒక యూరియా బస్తా లెక్క చూద్దాం. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 20 కిలోల 700 గ్రాములు. వరి పొలంలో చల్లిన నత్రజనిలో పైరు తీసుకునేది మూడో వంతు, మహా అయితే నలభై శాతం. మిగతాది కొంత గాలిలో కలుస్తుంది, కొంత వానకు కొట్టుకుపోతుంది, కొంత నైట్రేట్‌గా మారి నేలలోకి ఇంకుతుంది. ఇంకినది మన బావిలోకి, బోరులోకి వస్తుంది.

తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద దాదాపు ఐదో వంతు నమూనాలు ఈ హద్దు దాటాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అది సుమారు నాలుగో వంతు. సీసా పాలు తాగే ఆరు నెలల లోపు పసిబిడ్డలకు ఇది ప్రమాదం. రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. ఇంకో సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తప్పకుండా చెప్పండి. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి కానీ నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది.

రైతు కావాలని ఎక్కువ వేస్తున్నాడా? 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు తెల్లవారక ముందే చెప్పులు, పాసు పుస్తకాలు వరుసలో పెట్టి నిలబడ్డాం. అట్లా దొరికిన బస్తాను ఏం చేస్తాం? మళ్లీ దొరుకుతుందో లేదోనని ఒకేసారి చల్లేస్తాం. పైరుకు కావలసినప్పుడు కాదు, మనకు దొరికినప్పుడు వేస్తున్నాం. మూడు దఫాలుగా వేయాల్సింది ఒక దఫాలో వేస్తే నేలలోకి పోయేదే ఎక్కువ. కాబట్టి ఎరువు సమయానికి అందించడం కూడా నీళ్లను కాపాడే పనే. ఆ పని సర్కారుది.

ఊరు ఇప్పటికే కడుతున్న డబ్బు

నీళ్ల శుభ్రతకు డబ్బు ఎక్కడుంది అని అడుగుతారు. మన జేబులోంచి రోజూ పోతూనే ఉంది. ఐదు వందల ఇళ్ల ఊరు అనుకోండి. ఇంటికి రోజుకు ఒక ఇరవై లీటర్ల డబ్బా, డబ్బా పది రూపాయలు. ఇంటికి ఏడాదికి 3,650 రూపాయలు. ఊరంతా కలిపితే 18 లక్షల 25 వేలు. అదీ ఒక్క ఏడాదికి. ఫ్లోరైడ్ రాతి నేలలున్న చోట ఫిల్టర్ నీళ్లు తప్పవు, ఆ సంగతి వేరు. మిగతా చోట్ల కొంత జాగ్రత్తతో బాగుపడే నీళ్లకు కూడా ఇంత కడుతున్నాం. మనం వేసిన ఎరువుకు ఒకసారి కట్టాం, అది నీళ్లలో కలిస్తే తీయించుకోవడానికి రెండోసారి కడుతున్నాం.

ఆంక్షలు పెట్టి, పైసా ఇవ్వకపోతే

1908 మూసీ వరద తరవాత హైదరాబాద్ కోసం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం దశాబ్దాల పాటు ఆ నీళ్లు తాగింది. వాటిని కాపాడాలని 1996లో 111 జీవో ఇచ్చారు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదన్నారు. ఉద్దేశం మంచిదే. చెరువుకు నీళ్లు తెచ్చే వాగులను కాపాడకుండా చెరువును కాపాడలేం.

అయితే ఆ జీవోలో ఆ 84 గ్రామాల రైతుకు ఇచ్చేది ఏమీ లేదు. నగరం నీళ్లు తాగుతుంది, ఊరు ఆంక్ష మోస్తుంది. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే ఇక్కడి రైతు పంట మీద, అప్పు మీద బతకాలి. సాగు చేసుకుంటూ మీరు మా నీళ్లు కాపాడుతున్నారు, దానికి ఇదిగో మా వంతు అని నగరం ఏనాడూ అనలేదు. దాంతో ఊళ్లవాళ్లే జీవో ఎత్తేయమని అడగడం మొదలుపెట్టారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో సర్కారు ఆ ఆంక్షలు సడలించింది. ఎక్కువ లాభం ఎవరికన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికే చాలా భూములు రైతుల చేతులు దాటిపోయి ఉన్నాయి.

నేర్చుకోవాల్సింది ఇదీ: రైతుకు ఖర్చు, ఊరికి ఆంక్ష, లాభం మాత్రం వేరేవాళ్లకు అన్న పద్ధతి ఎక్కువ కాలం నిలవదు. చివరికి నీళ్లూ నిలవవు.

న్యూయార్క్ రైతులు ఏం చేశారు?

ఇదే చిక్కు అమెరికాలో న్యూయార్క్ నగరానికీ వచ్చింది. ఎనభై లక్షలకు పైగా జనం తాగే నీళ్లలో దాదాపు తొంభై శాతం క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండ ప్రాంతాల నుంచి వస్తాయి. అక్కడంతా పాడి రైతులు. పశువుల దొడ్లు వాగుల ఒడ్డునే ఉండేవి. పేడ, మూత్రం వానకు వాగులోకి, అక్కడి నుంచి జలాశయంలోకి పోయేవి. దూడల పేడలో ఉండే ఒక క్రిమి మనుషులకు తీవ్రమైన విరేచనాలు తెస్తుంది.

1989లో కేంద్ర నిబంధన వచ్చింది. ఉపరితల నీళ్లు తాగే నగరాలన్నీ వడపోత ప్లాంటు కట్టాలి, లేదా నీళ్లు పుట్టే చోటే శుభ్రంగా ఉన్నాయని నిరూపించాలి. ప్లాంటుకు 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. అంత ఖర్చు తప్పించుకోవడానికి నగరం 1990లో కొత్త నిబంధనల ముసాయిదా తయారుచేసి రైతుల మీద పెట్టబోయింది. వాగు పక్కన ఇది చేయకూడదు, అది చేయకూడదు అని.

రైతులు ఎదురు తిరిగారు. ఇవి అమలైతే పాడి మూసేసుకోవడమే అన్నారు. కానీ వద్దని చెప్పి ఊరుకోలేదు. కూర్చుని మాట్లాడదాం రండి అన్నారు. రైతులు, నగర అధికారులు, రాష్ట్ర వ్యవసాయ శాఖ కలిసి నెలల తరబడి మాట్లాడారు. చివరికి కుదిరిన మాట ఏమిటంటే: పథకంలో చేరడం రైతు ఇష్టం. ప్రతి పొలానికీ విడిగా ప్రణాళిక వేయాలి. వేసేది రైతులు ముందుండే మండలి. పనులకయ్యే ఖర్చు మొత్తం నగరానిది. దానికి బదులుగా ఐదేళ్లలో నూటికి 85 మంది రైతులు చేరేలా మేం చూస్తాం అని రైతులు హామీ ఇచ్చారు. అంతమంది చేరకపోతే నిబంధనలు పెట్టుకునే హక్కు నగరానికి ఉంటుంది.

1993లో వాటర్‌షెడ్ అగ్రికల్చరల్ కౌన్సిల్ అనే మండలి ఏర్పడింది. పశువులు వాగులోకి దిగకుండా కంచె వేశారు. వాగు దాటడానికి చిన్న వంతెన, ఇటువైపే తాగడానికి నీళ్ల తొట్టి, లేగదూడలకు వేరే పాక, పేడ నిల్వకు గచ్చు కట్టించారు. వాగు ఒడ్డున సాగు వదిలి చెట్లు, గడ్డి పెంచిన రైతుకు ఆ భూమికి కౌలు కూడా వచ్చేలా కేంద్రంతో కలిసి ఏర్పాటు చేశారు. అనుకున్న 85 శాతం కంటే ఎక్కువ మందే చేరారు. 1997లో నగరం, రాష్ట్రం, పైప్రాంతపు ఊళ్లు కలిసి పెద్ద ఒప్పందం రాసుకున్నాయి. ఆ కొండల నీళ్లు నేటికీ వడపోత ప్లాంటు లేకుండానే నగరానికి పోతున్నాయి.

అంతా బాగుందని మాత్రం అనను. నగరం అక్కడ భూములు కొనడం మీద ఊళ్లవాళ్లకు అసంతృప్తి ఉంది. పాల ధర గిట్టక చాలా పాడి కుటుంబాలు ఆ తరవాత దొడ్లు మూసేశాయి. నీళ్లకు ఇచ్చే డబ్బు పంటకు ఇచ్చే ధరకు బదులు కాదు. గిట్టుబాటు ధర లేని రైతు వాగునేం కాపాడతాడు? ఈ రెండో పాఠాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

అక్కడి చలి, అక్కడి కమతాలు మనవి కావు. తీసుకోవాల్సింది ఒప్పందం కుదిరిన తీరు. రూలు మీద పడబోతుంటే రైతులు ఒక్కటై ముందుకొచ్చి పని మాది, ఖర్చు మీది, చేసి చూపిస్తాం అన్నారు. విడివిడిగా వెళ్లి ఉంటే ఒక్కొక్కరికీ నోటీసు వచ్చేది.

మన దగ్గర ఉన్న డబ్బు

ఇక్కడ నీటి శుభ్రతకు రైతుకు ఇచ్చే నిధి అని బోర్డు కట్టిన పథకం లేదు. కానీ పని చూస్తే దానికి సరిపోయే పద్దులు కొన్ని ఉన్నాయి. రాసుకోండి.

మొదటిది, జాతీయ సహజ సేద్య మిషన్. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 2,481 కోట్లతో ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 1,584 కోట్లు, మిగతాది రాష్ట్రాలది. రైతుకు ఎకరాకు ఏడాదికి 4,000 రూపాయల చొప్పున రెండేళ్లు, అదీ ఒక ఎకరం వరకే.

రెండోది, పరంపరాగత్ కృషి వికాస్ యోజన. హెక్టారుకు మూడేళ్లకు 31,500 రూపాయలు. అందులో నేరుగా రైతు ఖాతాలో పడేది 15,000. ఎకరాకు ఏడాదికి లెక్కేస్తే రెండు వేలు. రసాయనాలు మానేసిన తొలి ఏళ్లలో దిగుబడి తగ్గితే ఈ రెండు వేలు ఏ మూలకు?

మూడోది, మనలో చాలామంది విననిది, పీఎం ప్రణామ్. 2023లో వచ్చింది. ఒక రాష్ట్రం రసాయన ఎరువుల వాడకాన్ని గత మూడేళ్ల సగటు కంటే తగ్గిస్తే, కేంద్రానికి మిగిలిన సబ్సిడీలో సగాన్ని ఆ రాష్ట్రానికి గ్రాంటుగా ఇస్తారు. రైతు యూరియా బస్తాకు ఇచ్చేది సుమారు 266 రూపాయలు. అసలు ఖరీదు 2,200 దాకా ఉంటుందని కేంద్రమే 2023లో చెప్పింది. అంటే ఒక బస్తా తగ్గితే ఖజానాకు మిగిలేది సుమారు 1,900. అందులో సగం, అంటే 950 దాకా రాష్ట్రానికి రావాలి. ఆ బస్తా తగ్గించింది ఎవరు? రైతు. దిగుబడి తగ్గుతుందేమోనన్న భయం ఎవరిది? రైతుది. మరి ఆ డబ్బులో రైతుకు చేరేది ఎంత? ఈ ప్రశ్నకు జిల్లాలవారీగా జవాబు కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. నేనొక్కణ్నే రెండు బస్తాలు తగ్గించి, పక్క పొలంవాళ్లు నాలుగు పెంచితే రాష్ట్రం లెక్కలో ఏమీ మిగలదు. ఊరంతా కదిలితేనే ఆ డబ్బు పుడుతుంది.

నాలుగోది, పంచాయతీ డబ్బు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికి, తాగునీటికి, వాన నీటి నిల్వకు ముడిపెట్టింది. ఆ సొమ్ము మన ఊళ్లో దేనికి ఖర్చయిందో గ్రామసభలో అడిగే హక్కు మనందరికీ ఉంది.

మనం పెట్టాల్సిన షరతులు

డబ్బు వస్తే చాలదు. ఎట్లా వస్తుందన్నది కూడా ముఖ్యం.

ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లు చూపిస్తే తరవాత ఇస్తాం అనే పద్ధతి పేద రైతుకు పనికిరాదు. అప్పు తెచ్చి పేడ గుంట కట్టి, బిల్లు కోసం రెండేళ్లు తిరిగేవాడు మళ్లీ ఏ పథకం మొహమూ చూడడు. సగమైనా ముందే ఇవ్వాలి.

డబ్బు సాగు చేసేవాడికి అందాలి. ఎరువు చల్లేది, మందు కొట్టేది కౌలు రైతు. ఖాతాలో డబ్బు పడేది పట్టాదారుకు. ఇట్లా అయితే నీళ్లు బాగుపడవు. ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారు హక్కు పత్రం ఉంది కదా అంటారు. పట్టాదారు సంతకం దొరకని వాళ్ల సంగతేమిటి? సాగు చేస్తున్నది ఎవరో గ్రామసభ తేల్చి చెబితే చాలు అని మన సంఘం అడగాలి.

దిగుబడి తగ్గే తొలి రెండు మూడేళ్ల నష్టాన్ని భరించాలి. ఎకరానికే పరిమితి అన్నది తీసేయాలి. వాగు ఒడ్డు రైతుకు, చెరువు కింది రైతుకు, మంచినీటి బావి చుట్టుపక్కల రైతుకు ముందు వరుస ఇవ్వాలి. వాళ్ల పొలంలో చేసే పని అందరి నీళ్లనూ కాపాడుతుంది.

మన జలాశయాల నుంచి నీళ్లు తీసుకునే మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు, పరిశ్రమలు నీటి పన్నులో కొంత భాగం పైప్రాంతపు ఊళ్లకు ఇవ్వాలి. ఇది ముష్టి కాదు. కాపలా కాసినందుకు కూలి.

ఇంటికి వెళ్లాక చేయాల్సింది

మిత్రులారా, ఈ శిక్షణ తరగతి నుంచి మీరు కాగితాలతో పాటు పని కూడా పట్టుకుపోవాలి.

ఒకటి, నీళ్లు పరీక్ష చేయించండి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చి నేర్పించాలన్నది నిబంధన. మీ ఊళ్లో ఆ కిట్టు ఎవరి దగ్గరుందో కనుక్కోండి. బీరువాలో ఉంటే బయటికి తీయించండి. బళ్లో నీళ్లు, అంగన్‌వాడీ నీళ్లు, మంచినీటి బోరు, రెండు మూడు పొలం బోర్లు చూడండి. నైట్రేట్ ఎంతుందో తేదీ వేసి రాసిపెట్టండి. వానలకు ముందు ఒకసారి, తరవాత ఒకసారి చూడాలి. ఎక్కువ తేలితే ప్రయోగశాలకు పంపించి కాగితం తీసుకోండి. మన చేతిలో లెక్క ఉంటే ఆఫీసులో మన మాటకు బలం వస్తుంది.

రెండు, ఖర్చు లేని పనులు ఇప్పుడే మొదలుపెట్టండి. మందు డ్రమ్ము, స్ప్రేయరు కాలువలో, చెరువులో కడగడం ఆపాలి. ఖాళీ మందు డబ్బాలు గట్ల మీద పారేయకూడదు. పేడ కుప్ప బావికి, బోరుకు దూరంగా ఉండాలి. యూరియా ఒకేసారి కాకుండా దఫాలుగా, ఆకు రంగు చూసి వేయాలి. వాన వచ్చేలా ఉన్న రోజు చల్లకూడదు. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నితే ఒకటి రెండు బస్తాలు తగ్గించుకోవచ్చు. ఆ విత్తనం దుక్కులకు ముందే రావాలని ఇప్పటి నుంచే అర్జీ పెట్టండి. నాట్లు పడ్డాక వచ్చిన జీలుగ విత్తనం ఎవరికీ పనికిరాదు.

మూడు, ఖర్చయ్యే పనుల జాబితా రాయండి. వాగు ఒడ్డున ఎంత పొడవున గడ్డి, చెట్లు పెంచాలి, ఎన్ని పశువుల కొట్టాలకు గచ్చు కావాలి, ఎన్ని పేడ గుంటలు మార్చాలి, ఎంతమంది ఎన్ని ఎకరాల్లో ఎరువు తగ్గించడానికి సిద్ధంగా ఉన్నారు, ఒక్కోదానికి ఎంత ఖర్చు. రైతుల పేర్లతో, కౌలు రైతుల పేర్లతో సహా గ్రామసభలో తీర్మానం చేయించండి. ఆ తీర్మానాలన్నీ జిల్లా కమిటీకి చేరితే, కలెక్టరు ముందు మనం పెట్టేది ఒక జిల్లా ప్రణాళిక అవుతుంది.

ఇదంతా ఎందుకు అని ఎవరైనా అడిగితే ఇట్లా చెప్పండి. మన తాతలు చేదబావి నీళ్లు చేదుకుని అక్కడే తాగారు. అదే పొలంలో మన పిల్లలు సీసాలో నీళ్లు తెచ్చుకుని తాగుతున్నారు. ఆ బావిని మళ్లీ తాగే బావిగా చేసే పని మనమే చేయగలం. వేరెవరూ వచ్చి చేయరు. అయితే ఊరికే చేస్తామని మాత్రం అనకండి. దేశానికి తిండి పెట్టినందుకే సరైన ధర రాని రైతు, నీళ్లు కూడా ఉచితంగా కాపాడాలంటే కుదరదు.

పని మాది, లెక్క మాది, ఖర్చులో మీ వంతు మీరు ఇవ్వండి అని అడుగుదాం. అడగడానికి ముందు లెక్క సిద్ధం చేద్దాం. వచ్చే సమావేశానికి ప్రతి మండలం నుంచి కనీసం ఒక ఊరి నీటి పరీక్ష కాగితం ఈ బల్ల మీదికి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.